ఊడదీసే తలుపు

మద్ది కాదు, టేకు కాదు, వేపచెక్క.
ఇళ్లు కట్టించే సంఘానికి అంతకు మించి తాహతు లేదు.
రాజమండ్రి జైలు షెడ్డులో, నా బల్ల మీద
ఈ నెల పదకొండో తలుపు.

మంగళవారం మంగళవారం ఎస్తేరమ్మ వస్తుంది,
గేటు దగ్గర ఫోను ఇచ్చేసి, కొలత టేపు మాత్రం తెచ్చుకుని.
ఆమె కాగితంలో లంక పేరుంటుంది, ఇంటి నెంబరుంటుంది.
మనుషుల పేర్లుండవు.
మాకూ అంతే కదా.

"ఈ బందులు వద్దండి," అన్నాను మొదటి రోజే.
"పైకెత్తితే ఊడొచ్చేవి వేస్తాను."
భూషణం మేస్త్రి చిత్రిక ఆపేశాడు.
"జైల్లో కూర్చుని
ఊడొచ్చే తలుపులు చేస్తావంట్రా?"
షెడ్డంతా నవ్వింది,
తుపాకీ పట్టుకున్న కుర్రాడితో సహా.

నవ్వులయ్యాక చెప్పాను.
ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక ఇచ్చేసరికే
మా లంకలో ఎర్రనీరు పొయ్యి ఆర్పేస్తుంది.
అప్పుడు మా అమ్మ తలుపు ఊడదీసి,
కింద నాలుగు అరటిబోదెలు కట్టి,
బియ్యం డబ్బానీ మేకపిల్లనీ నన్నూ ఎక్కించి
మెడలోతు నీళ్లలో ఏటిగట్టు దాకా తోసేది.
రెండో చివర మా అన్న పట్టేవాడు.

అన్న సంగతి అక్కడితో ఆపేశాను.
మిగతాది కేసు కాగితాల్లో ఉంది:
సరిహద్దు తగువు, కొబ్బరి దింపే కత్తి,
నాలుగడుగుల నేల.
ఆ నేల మరుసటేడే కోసుకుపోయి ఏట్లో కలిసింది.
అది కాగితాల్లో లేదు.

"ఆయ్, అడిగి చూస్తాను," అంది ఎస్తేరమ్మ.
రెండు వారాలకి కొత్త బందులొచ్చాయి,
నూనె కాగితంలో చుట్టి.

జాబితాలో మా లంకా ఉంది. పద్నాలుగిళ్లు.
వదినది ఏ నెంబరో అడగలేదు.
తెలిస్తే ఆ ఒక్క తలుపే బాగా చేస్తానేమోనని.

ఆగస్టు. లాకప్పు వేశాక వాన.
వరండాలో సెంట్రీ ఫోనులో వార్తలు:
రెండో హెచ్చరిక.
మా తలుపు ఇనపది, గడియ బయట.
చాప మీద పడుకుని లెక్కేశాను.
వేప తలుపు ముప్ఫై కిలోలు. ఎత్తాలంటే ఇద్దరు.
వదిన ఒక చివర.
రెండో చివర పిల్లాడు,
వాడికి ఇప్పటికి పదకొండు నిండుంటాయి.

బరువెక్కువైంది.
రేపటి దాన్ని
ఇంకో రెండు పొరలు చిత్రిక పట్టాలి.