మూడు వేళ్ళ చోటు

కొత్త గ్రాఫిక్స్ కార్డు మూడు వేళ్ళు పొడవు.
నా కేసు మూడు వేళ్ళు పొట్టి.
ఆదివారం పొద్దున, గ్డీనియాలో మంచు పడుతుండగా
వంటబల్ల మీది రొట్టెపొడి తుడిచి
దాన్ని పక్కకి పడుకోబెట్టాను.

పన్నెండేళ్ళ కింద
ఓడల యార్డులో పారేసిన అల్యూమినియం రేకుతో
వియెస్వావ్, నేను కలిసి చేసిన పెట్టె.
అతను వంచాడు, నేను కొలిచాను.
"ఇంకో నాలుగు వేళ్ళు లోతు వదులు,
ఇవాళ్టికి సరిపోతే చాలదు" అన్నాడు.
"నా బల్ల కింద పట్టొద్దూ" అన్నాను.
ఆ సాయంత్రమంతా మాటల్లేవు.
చివరికి నా కొలతే నెగ్గింది.
ఆ బల్ల
రెండో ఇల్లు మారేటప్పుడే కాలు విరిగి పోయింది.

మూత తీస్తే దుమ్ము.
దుమ్ములో మా పాత పిల్లి బూడిదరంగు బొచ్చు.
పిల్లి ఇప్పుడు లేదు. ఫ్యాను దాన్ని ఇంకా దాచుకుంది.
పెయింటు బ్రష్షుతో అంతా దులిపి
ఆ ఒక్క కుచ్చునీ ఏం చెయ్యాలో తోచక
సాసరు అంచున పెట్టాను.

విప్పిన మరలన్నీ గుడ్ల అట్టపెట్టె గుంటల్లోకి:
పొట్టివి, నల్లవి, తల అరిగినవి,
ఇత్తడి నిలువుకాళ్ళు.
మా అక్క కొడుకు ఓల్గ్యెర్డ్, పద్నాలుగేళ్ళవాడు,
గుమ్మానికి ఆనుకుని
"పిన్నీ, గాజు తలుపుది, ఏడురంగుల లైట్లది,
రెండొందల జ్లోటీలకే వస్తుంది" అన్నాడు.
చెప్పులో రాయి పడితే
చెప్పులే మార్చమంటాడు వీడు.
"ఆ ఆకురాయి ఇలా అందుకో" అన్నాను.

పాత హార్డ్‌డిస్కుల అరని కోసెయ్యాలి.
అందులో ఇప్పుడు కాపురం ఉండేవాళ్ళెవరూ లేరు.
రంపం పెట్టగానే పెట్టె కెవ్వుమంది,
కింది అంతస్తు ష్విదెర్స్కా గారు
చీపురుకర్రతో కప్పుని పొడిచారు.
నవ్వాపుకుంటూ తువ్వాలు చుట్టి మళ్ళీ కోశాం.
కోసిన అంచుని ఓల్గ్యెర్డ్ రుద్దాడు.
వేలితో తడిమి చూసుకుని
ఇంకోసారి రుద్దాడు.
ఆ రెండోసారి నేను చెప్పలేదు.

విప్పిన దారినే వెనక్కొస్తే కూర్చడం అంటారు.
కాదు.
విప్పేటప్పుడు ప్రతిదీ పోనీలే అంటుంది,
కూర్చేటప్పుడు ప్రతిదానికీ పట్టింపే.
ముందు నన్నంటుంది మదర్‌బోర్డు,
నా మెడ వంచకంటుంది కేబులు,
ప్రాసెసర్ మీద పేస్టు బియ్యపుగింజంత చాలంటే
వాడి చేతికి శనగంత వచ్చింది.
తుడిచాం. మళ్ళీ పెట్టాం.
కార్డు జారి కూర్చుంది.
చివర మిగిలిన సందు గోరు పట్టేంత.

ఇక బటన్.
తుక్కుకి పోతున్న క్రేను నుంచి
అప్పట్లో వియెస్వావ్ ఊడదీసి తెచ్చింది,
ఎర్రగా, అరచేతంత,
దాని మీద స్టాప్ అని ఉంటుంది.
నొక్కాను.
ఏమీ లేదు.
సన్నతీగ ఒకటి పక్క సూదికి తగిలించానట,
వాడే చూశాడు, నా కళ్ళద్దాలకి కనబడలేదు.
మళ్ళీ నొక్కాను.
ఆగమని రాసున్న చోటే
అంతా మొదలైంది.

వియెస్వావ్ ఇప్పుడు నార్వేలో ఓడలు అతుకుతున్నాడు.
కోసిన చోటు కనబడేలా ఫొటో పంపాను.
జవాబు రాత్రికి వచ్చింది:
"ఎన్ని వేళ్ళు?"
"మూడు."
"నేను నాలుగు చెప్పాను."

అన్నట్టు, గుడ్లపెట్టెలో ఒక మర మిగిలింది.
ఎక్కడిదో మా ఇద్దరికీ అంతుపట్టలేదు.
పెట్టె మాత్రం ఏ లోటూ చెప్పడం లేదు.

సోమవారం అది నా కోటు జేబులో పడి
నాతోపాటే నిచ్చెనెక్కింది.
నలభై మీటర్ల పైన అద్దాల గది,
కింద కంటెయినర్లు, నీలంవి, తుప్పురంగువి,
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ.
కుడిచేత్తో ఒకదాన్ని వరసలోకి దించుతూ
ఎడమచేత్తో జేబు తడుముకున్నాను.
ఉంది.
రేడియోలో కింది నుంచి ఎవరో గొణిగారు,
అంత సందు ఎందుకు వదిలావని.