సిలిండరు, నూట డెబ్బై డిగ్రీలు

చీటీ చూసి అమ్మ అంది,
"మళ్లీ సిలిండరా? మొన్నేగా మార్చాం!"
గ్యాసుది కాదమ్మా, కంట్లోది.
మైనస్ రెండుంపావు,
నూట డెబ్బై డిగ్రీల మీద వాలి కూర్చుంది.
బంతిలా ఉండాల్సిన నల్లగుడ్డు
కోడిగుడ్డులా సాగిందట.

ఇరవై రెండేళ్లు నాకే తెలీదు.
దీపాలన్నిటికీ మీసాలుంటాయనుకున్నాను.
ఆకివీడు రోడ్డులో రాత్రి ఎదురొచ్చే లారీ
అందరికీ ముళ్లపందిలాగే వస్తుందనుకున్నాను.
ఏరియేటర్ల పక్కన బల్బులు
చెరువులోకి రెండేసి తోకలు దించుతుంటే
వెలుతురంటే అదే అనుకున్నాను.

ల్యాబులో చేరిన మూడో వారం
ప్లేటు మీద పచ్చచుక్కలు లెక్కపెట్టి
నూట నలభై అని రాశాను.
పక్క సీటు భాగ్యవతి తొంభై అంది.
మళ్లీ లెక్కపెట్టాం. తొంభై రెండు.
ఈలోగా ఉండి నుంచి వచ్చిన రైతు
నా కాగితం పట్టుకుని వెళ్లిపోయాడు.
లేని ఆ నలభై ఎనిమిది చుక్కల మీద
రాత్రికి రాత్రి పన్నెండు వేల మందు చల్లాడు.
ఆయన నన్నేమీ అనలేదు.
అందుకే ఇంకా గుర్తుంది.

తర్వాత కళ్లద్దాలు.
ఉక్కపోతకి ముక్కు మీంచి జారి
ఒక జత చెక్‌ట్రే దగ్గర మునిగింది,
ఇంకోటి పడవలోంచి.
రొయ్యలు పెట్టుకుని చూస్తున్నాయేమో, నాకు తెలీదు.

భీమవరం డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు,
మూడు దారులున్నాయమ్మా అని.
ఒకటి, బొండం మూత కోసినట్టు
పైన సన్నటి పొర లేపి, లోపల చెక్కి, మళ్లీ మూసేయడం.
మర్నాటికే చూపు.
కానీ ఆ మూత ఎప్పటికీ మూతే,
గట్టి దెబ్బ తగలకూడదు.
రెండోది, చిన్న గాటులోంచి
ముంజె తీసినట్టు
లోపలి పలుచటి బిళ్లని లాగేయడం.
శుభ్రమైన పని. డబ్బూ శుభ్రంగానే అవుతుంది:
నా ఆర్నెల్ల జీతం, పైన ఆటో ఖర్చులు.
పైగా పడుకుంటే కన్ను కాస్త తిరుగుతుందట,
సిలిండరున్నోళ్లకి ఆ తిరుగుడే అసలు లెక్కట.
మూడోది పాతది.
పైచర్మం గీకేసి, లేజరు వేసి, వదిలేయడం.
చర్మం అదే వస్తుంది.
నాలుగు రోజులు మంట, నెల్లాళ్లు మసక,
చెరువు నీళ్లు కంటికి తగలకూడదు.

"నీ పొర పలచన, రత్నకుమారీ,
మూత లేపే దారి వద్దంటాను నేను.
మిగతా రెండిట్లో నువ్వే ఆలోచించుకో."

ఆలోచించడానికి నాకేం తెలుసు?
తెలిసిందల్లా రొయ్య.
గుల్ల ఇరుకైతే రొయ్య ఏం చేస్తుంది?
దాన్ని చీల్చుకుని వెనక్కి జారి బయటకొస్తుంది.
ఒకటి రెండు రోజులు మైనంలా మెత్తగా
అడుగున బురద పక్కన పడుంటుంది,
మేత ముట్టదు, తోటివాటికి కనపడదు.
ఆ రాత్రుల్లో రైతు మేత తగ్గిస్తాడు,
మినరల్స్ చల్లి, గాలి పెంచి,
గట్టు మీద గట్టిగా మాట్లాడనివ్వడు కూడా.
తర్వాత గుల్ల దానంతటదే గట్టిపడుతుంది.
ఎవరూ మూత పెట్టరు.

కౌంటరు దగ్గర చెప్పాను, మూడోదండీ.
ఆ అమ్మాయి క్యాలెండరు తిప్పింది.
"పద్నాలుగో తారీకు ఖాళీ అండీ...
అమావాస్య కదా, ఆ రోజు ఎవరూ రారు."
నవ్వొచ్చింది నాకు.
మా చెరువుల్లో
లక్షల ప్రాణాలు గుల్ల విడిచే రోజది.

రాయండి, అన్నాను.
అడ్వాన్సు రెండు వేలు.
రసీదు మీద నా పేరు
రెండు సార్లు అచ్చయినట్టు కనపడింది.
అద్దాలు తుడుచుకుని చూశాను.
ఒకటే.