జానెడు వదులు

షువైఖ్‌లో మా గ్యారేజీ షట్టరు సగం దించి
బొనెట్టు లేని బండి ముందు గొంతుక్కూర్చున్నా.
ఎనభై నాలుగు మోడలు ల్యాండ్ క్రూజరు.
దాని సొంత ఇంజిను ఎప్పుడో తూకానికి పోయింది,
గుద్దుకున్న పికప్పుదొకటి తెచ్చి దించినాం.
కుడిపక్క ఉండాల్సిన కంప్రెసరు
ఎడమపక్క అడుక్కి పోయి కూర్చుంది
ఇల్లరికం అల్లుడి మాదిరి,
ఎవరి దిక్కు చూడాలో తెలీక.
పాత గొట్టాలు అందవు.

మూడే గొట్టాలు, అని బు మిషారికి చెప్పినా.
లావుది పదో నంబరు, చల్లగా తిరిగొచ్చే ఆవిరికి.
ఎనిమిదోది ముట్టుకుంటే బొబ్బ లేస్తుంది.
ఆరోది సన్నం, మాట మాత్రం గట్టిది.
ఆయన తలూపి, వెనకసీటుకి కూడా గాలి రావాల అన్నాడు.
వెనక ఎవరు కూచుంటారు బాబా?
షమ్మా, అన్నాడు. వేటకుక్క.
ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.
మూడు గొట్టాలు అక్కడే ఐదైనాయి.

మలబారి అంగట్లో కుంజాలి సొరుగులు లాగి
గాజుబల్ల మీద పరిచినాడు:
తిన్నవి, నలభై ఐదు వంపువి, తొంభైవి,
మెడ తిప్పి వెనక్కి చూసే నూట ముప్పై ఐదువి.
ఇంజిను దిక్కు ఇనుపవి తీసుకున్నా, అదిరే చోటు కాబట్టి.
లోపలికి అల్యూమినియం చాలు.
వీటిల్లో కవలలుంటాయి, చూసుకోవాల.
ఒకటి రబ్బరు వలయం మీద ఆనేది
ఒకటి లోహం మీద లోహమే ఆనేది.
మర రెండింటికీ పడుతుంది.
చుట్టు చుట్టుకీ సరే సరే అంటూ పోతుంది,
ఆఖరి చుట్టుదాకా అబద్ధం బయటపడదు.
తెల్లారేసరికి గ్యాసుండదు.
వచ్చిన ఏడు పన్నెండు దీనార్లు జీతంలో తెగినాక
నా చూపుడువేలు చదువుకుంది:
అంచు తడిమితే గాడి తగలాల.
వాలు తగిలిందా, సొరుగులో పెట్టెయ్.

వంపులు కొన్నంత సులువు కాదు కూర్చడం.
ఈ కొస రేడియేటరు దిక్కు చూస్తుంటే
ఆ కొస యాడికి చూడాల?
క్రింపుకి ముందే తేలాల ఆ సంగతి.
బండి మీదే వదులుగా తగిలించి
ఫిట్టింగు మీంచి గొట్టం మీదికి సుద్దతో ఒకటే గీత.
మిషన్లో గీతకు గీత కలిపి నొక్కితే
నొక్కిందే.
రవ్వంత పక్కకు పోయిందంటే
గొట్టం ధరా మనదే, ఫిట్టింగు ధరా మనదే.

ఓబులేసు కొత్త. లక్కిరెడ్డిపల్లె పిల్లోడు.
టేపు పట్టి అరవై రెండు అన్నాడు,
గొట్టం తీగ మాదిరి నిక్కి ఉంది, చూడముచ్చటగా.
జానెడు ఎక్కువ కొయ్యి, అన్నా.
మీటరు రెండున్నర దీనారన్నా, దండగ కదా.
నేనేమీ చెప్పలేదు. తాళం తిప్పినా.
నాలుగు బోల్టుల్లో బిగించిన ఇంజిను
ఒక్క తుమ్ము తుమ్మి పక్కకు ఒరిగి మళ్లా నిలబడింది.
వాడు టేపు మడిచి జేబులో పెట్టుకున్నాడు.
సర్‌ఫరాజ్ ఉస్తాదు నాకు చూపించిందీ ఇట్లే, ఒక్క మాట లేకుండా,
సియాల్‌కోటు పోయి మళ్లా రాని ఏడాది.

వ్యాక్యూం పంపు అరగంట తిరిగింది.
ఆపినాక ముల్లు కదలకూడదు.
చాయ్ తాగుతూ ముగ్గురం ముల్లునే చూసినాం,
గ్లాసులు ఖాళీ అయినా పెదాల దగ్గరే పెట్టుకుని.
కదల్లేదు.

గ్యాసు పోసినాక షమ్మాని ఎక్కించినాడు బు మిషారి.
సన్నటి మూతి, జానెడు నాలుక బయటికేసి
కొలిమి తిత్తి మాదిరి ఎగరోస్తోంది.
తలుపేసినాడు.
ఒక నిమిషం. రెండు. నాలుగు.
అద్దం వెనక నాలుక మెల్లగా లోపలికి పోయింది,
నోరు మూసుకుంది.
నా దగ్గరున్న మీటర్లన్నీ చెప్పేది అంతకంటే ఏముంది.

దుడ్లు లెక్కపెడుతూ తిరిగి చూస్తే
పదో నంబరు గొట్టం నిండా చెమట, చన్నీటి చుక్కలు.
ఓబులేసు రెండు వేళ్లతో వాటిని తుడిచి తీసి
మెడ వెనక రాసుకుంటున్నాడు.
చెయ్యి జాగ్రత్త, పక్కదే ఎనిమిదోది
అని మాత్రం అన్నా.