ఆరు కాజాలు

ఇందిరానగర్‌లో, వందడుగుల రోడ్డు వెనక సందు.
మేడ మీద కొట్టు.
"వింటేజ్ మ్యామ్, డెబ్బైల నాటిది" అంటుంది రోషెల్
హ్యాంగర్‌ని పసిపిల్లలా ఎత్తుకొచ్చి.

ఆవపిండి రంగు కోటు.
మెడ దగ్గర ఎవరో ఇటలీవాడి పేరు.
ధర చీటీ బోర్లా పడుకుంది.

నేను ముందు లోపలివైపు తిరగేస్తాను,
అలవాటు.
చంకల కింద కుట్లు రెండుసార్లు విప్పారు:
ఎవరో ఆవిడ ఒళ్ళు చేసి, మళ్ళీ చిక్కింది.
జేబు మూల
ఒక వక్కపలుకు.

గుండీలు కొత్తవే. కాజాలు మాత్రం చేతివి.
తడిమితే
ప్రతి చివరా దారం ఎడమకి తిరిగి ముడిపడింది.

మా సుగుణత్తది ఎడమచేతివాటం.
చిక్కపేటలో కాజాకి పది పైసలు.
కరెంటు పోయిన రాత్రుళ్ళు
సూదిలోకి దారం నాతో ఎక్కించుకునేది.
ఎవరికత్తా ఇవి అంటే
"చలేసేవాళ్ళకి" అనేది.

ఆమెవి కాకపోవచ్చు.
ఇంత ఊళ్ళో ఎడమచేతులకి కరువా?

పద్దెనిమిది వేలట.
కార్డు తీయలేదు, కోటూ వదల్లేదు.
"ట్రై చేస్తారా?"

అద్దం ముందు
కింది నుంచి పైకి
ఒక్కో గుండీ పెట్టుకుంటూ
పది, ఇరవై, ముప్పై...

అరవై పైసల దగ్గర
మెడ బిగిసింది.