సంగటి గులాబీలు

గుంతకల్లు టేషన్ రోడ్డులో
మౌలాలి మామ బేకరీ.
చేరిన ఆర్నెల్లూ
నాకు చూపించింది ట్రేల అడుగే.
"మాడిన వాసన పట్టలేనోళ్లకు
కాలిన వాసన యాడ తెలుస్తాది" అంటాండె.
గీకినా. గోళ్లు అరిగేదాకా గీకినా.

హైదరాబాదులో కోర్సుందంట, మూడు లక్షలు.
తెల్లకోటు, నెత్తిన గొట్టం టోపీ, చల్లటి గది.
ఆ రంగుల కాగితం మడిచి
కోన్ చేయడం నేర్చుకున్నా.
ఫోన్లో ఒకామె ఊరికే నేర్పిస్తాది,
ఆమె వెన్న ఎప్పుడూ కారిపోదు.
మా మే నెల ఆమెకేం తెలుసు.

క్రీము ముట్టనీడు మామ, కిలో అంత రేటు.
రాత్రి మిగిలిన రాగిసంగటిలో ఇన్ని నీళ్లు పోసి మెదిపి
పాల కవరు మూల కత్తిరించి
కడప బండ మీద గులాబీలు పిండుతాంటి.
వంకర రేకులు, మట్టి రంగు.
తెల్లారితే కోళ్లొచ్చి
పువ్వు పువ్వూ పొడిచి చూసి
అన్నిట్నీ పాస్ చేస్తాండె.

కరెంటు పోయిన మధ్యాహ్నం
మూడంతస్తుల కేకు ఒక పక్కకు కుంగతాంది.
డిప్లొమా చదివొచ్చిన ఇంతియాజ్
పుస్తకం తిప్పుతానే ఉండాడు.
అమ్మ మజ్జిగ కుండకు చుట్టినట్టు
తడిగోనె చుట్టినా చుట్టూరా,
కింద ఉప్పేసిన ఐసు.
నిలబడింది. కొంచెం వాలి,
అయినా నిలబడింది.

మామ ఏమీ అనలేదు.
పేరు రాయమని
నిజం క్రీము చేతికిచ్చినాడు.
సంగటికి అలవాటైన చెయ్యి గదా,
బలంగా నొక్కినా.
మొదటి అక్షరమే
సగం కేకు తినేసింది.