సగం గీసిన గడ్డం

ఉకెరెవె దీవిలో, పడవల రేవు పక్కన
నాదొక మంగలి కొట్టు.
ఒక తిరుగుడు కుర్చీ, రెండు అద్దాలు (ఒకటి పగిలింది),
గోడకెక్కిన పాత టీవీ.
పగలంతా అందులో బంతి వెంట పరిగెత్తే మగాళ్ళు,
కొట్లో కూర్చుని వాళ్ళని తిట్టే మగాళ్ళు.

శనివారం నాలుగున్నరకు మాత్రం
పిల్లలు చెప్పులు గడప బయట విప్పి,
చెప్పులున్నవాళ్ళు,
వెంట్రుకలు ఊడ్చిన నేల మీద చతికిలబడతారు.
అరగంట సేపు బంతాట బంద్.
"మతి పోయిందా మగేసా?" అంటారు పెద్దమనుషులు.
పోయిందనే ఒప్పుకుంటాను.
దానికింకా పన్ను వెయ్యలేదు కదా.

తిందో అని ఒక గిన్నెకోడి. గుడ్డబొమ్మ.
ఒళ్ళంతా చుక్కలున్న మందలో
ఒక్క చుక్కా లేని తెల్లపిల్ల.
వలకి కన్నాలెన్ని, పడవకి తెడ్లెన్ని
అని అడుగుతుంది.
అడిగి, ఆగుతుంది.
మెడ వాల్చి, మనకేసి చూస్తూ
మూడు ఊపిర్ల సేపు.

నా యాభై నాలుగేళ్ళలో
నన్నొక మాట అడిగి, అంతసేపు ఆగినవాళ్ళు లేరు.
బడిపంతులు ఆగలేదు, బెత్తం తొందరపడేది.
ఓటుకొచ్చినవాడు ఆగలేదు, బండి తొందరపడేది.
పిల్లలు రేకుల కప్పు లేచిపోయేలా అరుస్తారు.
కత్తి చేతిలో ఉండగానే
నా పెదాలూ కదులుతాయి.

కిటికీ బయటి నుంచి ఇంకో జవాబు వచ్చేది.
సన్నగా, అందరికంటే అరక్షణం ముందు.
ఎండుచేపలమ్మే ఆవిడ కూతురు, న్యాంజాలా.
మా అందరి నలుపు మధ్య పాల ఒళ్ళు,
మొక్కజొన్న పీచు లాంటి జుట్టు,
ఎండకి పొక్కులు లేచిన బుగ్గలు.
ఆ పిల్ల గురించి రేవులో ఏమనుకునేవాళ్ళో
చెప్పను.
నేనూ అన్నాను. అదీ చెప్పను.
చీకటి పడ్డాక వాళ్ళమ్మ
తలుపు గడియ రెండుసార్లు తడిమి చూసుకునేది.

ఒక శనివారం తిందో
పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకుని చదివింది.
మందలో ఒకటి కిసుక్కున నవ్వింది.
తిందో ఏడవలేదు. నీతులూ చెప్పలేదు.
"దూరం నా కంటికి ఆనదు, ముందు కూర్చుంటా" అంది.
జరిగి కూర్చుంది.
పాఠం సాగిపోయింది. అంతే.

నా మనవడు బ్విరే, ఏడేళ్ళవాడు, నోటికి తాళం లేనివాడు,
లేచి నిలబడ్డాడు.
"మరి న్యాంజాలాకి
అక్కణ్ణుంచి ఏం కనిపిస్తుంది తాతా?"
అడిగి, వాడూ ఆగాడు.
మూడు ఊపిర్లు.

కుర్చీలో మజూరా ఉన్నాడు.
ఒక చెంప గీశాను, రెండో చెంప నిండా నురగ.
"లే" అన్నాను.
"ఇటువైపో?"
"లేవయ్యా ముందు."

పిల్లని కూర్చోబెట్టి కాలిమీట తొక్కాను.
కిర్రు కిర్రుమంటూ
టీవీకి జానెడు దూరం దాకా లేచింది కుర్చీ.
వణికింది కుర్చీయో పిల్లో తెలీదు.
గోడకి ఆనుకున్న మజూరా
నురగ చెంప మీదే పెచ్చులు కడుతుంటే
చూసి చూసి, తనూ ఒక జవాబు చెప్పాడు.
తప్పు.
వెనక్కి తిరగకుండానే దిద్దింది న్యాంజాలా.

లోకమేం తలకిందులు కాలేదు.
ఏళ్ళ తరబడి వచ్చే ఒకడు
ఆ కుర్చీలో ఇక కూర్చోనన్నాడు.
అవతలి రేవులో గీయించుకుని
గాట్లతో తిరుగుతున్నాడు.
నాకేం బాధ లేదు.
కొంచెం ఉంది. నెలకి నాలుగు గడ్డాలు.

మేకుకి వేలాడే, జనం మర్చిపోయిన టోపీల్లో
వెడల్పు అంచుది ఒకటి తగ్గింది.
ఎవరూ అడగలేదు.

నిన్న, సరిగ్గా తిందో నోరు తెరిచినప్పుడు
కరెంటు పోయింది.
తెర నల్లగా.
పిల్లలెవరూ లేవలేదు. మజూరా కూడా.
"ఏమడగబోయిందంటే..." అని
కుర్చీలోంచి ఒక గొంతు
అడిగి,
ఆగింది.