క్లిప్పు నోరు

గ్రెగొరెస్ ఊరు ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లుందనగా
కంకర రోడ్డు మీద చైను తెగింది.

తెగిన చైను ఊరికే జారిపోతుందనుకునేవాణ్ణి.
ముందు పళ్ళచక్రం దాన్ని లోపలికి లాక్కుంది,
ముద్ద చేసి
ఇంజన్ గోడకేసి బాదింది.
ఒక్కటే దెబ్బ.
ఆ తర్వాత గాలి.
పటగోనియాలో గాలికి సెలవుండదు.
బూటు మీద వెచ్చగా ఏదో పడితే
నెత్తురనుకుని తడుముకున్నాను. ఆయిలు.

ఉన్ని కత్తిరించే ముఠాలో పని నాది.
తెల్లారితే ఆరువందల గొర్రెలు.
లారీవాడెవడో బండిని ఉన్ని బేళ్ళ మధ్య పడుకోబెట్టి
ఎల్విరా పైనేమాల్ షెడ్డు ముందు దించిపోయాడు.

ఆమె పలకరించలేదు.
చిల్లులో చిటికెనవేలు పెట్టి చూసింది,
ఊడిన పంటి సందుని నాలుక తడిమినట్టు.
"ముక్కేది?"
జేబులోంచి తెగిన లింకు తీసిచ్చాను.
"గోడ ముక్క అడిగాను. పన్ను ఏరుకుని
దవడ రోడ్డుమీద వదిలేసి వచ్చావు."

ఇంజన్ విప్పడానికే పొద్దుగూకింది.
ఆరువందల గొర్రెలు వేరే చేతుల్లోకి పోయాయి.
కడిగింది, వేడి చేసింది,
అల్యూమినియం లోపల తాగిన ఆయిలంతా
చెమటలా పైకొచ్చింది.
తుడిచింది. మళ్ళీ వేడి. మళ్ళీ చెమట.
నాలుగోసారి గుడ్డ తెల్లగా వచ్చింది.

అప్పుడు కనబడింది,
చిల్లు అంచున పాత అతుకు,
చేప పొలుసుల్లా ఒకదానిమీదొకటి వాలిన గీతలు.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
చాలాసేపు చూసింది.
"ఈ బండి ఎవరి దగ్గర కొన్నావు?"
మూడో చెయ్యి. ముందువాళ్ళు నాకు తెలియదు.
"ఇది మా నాన్న చెయ్యి. ఎడమచేతివాటం.
పొలుసులు అటు వాలాయి చూడు."
అతుకు చెక్కుచెదరలేదు.
దాని పక్కన పగిలింది.

ఇంకేం చెప్పలేదు. పగులు కొసల్లో
సన్నటి బెజ్జాలు వేసింది, ఇక పాకకుండా.
అంచులు గాడిలా చెక్కింది.
సబ్బు ముక్కతో ఒక గీత గీసి
కింద మంట పెట్టింది.
"ఇనుము మంచిది, ఎర్రబడి చెబుతుంది.
ఇది చెప్పదు, ఉన్నట్టుండి నీరైపోతుంది."
సబ్బు గీత నల్లబడగానే
నీలి వెలుగు.
నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను,
గోడ మీద ఆమె నీడ, నా నీడ
వణుకుతూ.

తెల్లవారుజామున నడుం పట్టుకుని లేచి
పెరట్లో గాలి పడగొట్టిన రోడ్డు బోర్డు తెచ్చింది.
"నెమ్మది" అని ఉండేదట దానిమీద.
అరచేతి వెడల్పున కోసి, వంచి
చక్రానికీ గోడకీ మధ్య బిగించింది.
సగం మాట మిగిలింది, చైను వైపు చూస్తూ.
"నాన్న అతికాడు. అడ్డం పెట్టలేదు.
ఈసారి తెగితే దీన్ని తినమను."

కొత్త చైను, కొత్త పళ్ళచక్రాలు రెండూ.
అరిగిన పళ్ళకి కొత్త చైను తగిలిస్తే
నెలలో దాన్నీ అరగదీస్తాయంది.
క్లిప్పు నా చేతికిచ్చింది. "నువ్వే పెట్టు."
పెట్టాను, ఎప్పుడూ పెట్టినట్టే.
ఆమె నవ్వింది, మొదటిసారి.
"చేప ఎటు ఈదుతుంది?"
చూశాను. చీలిన తోక ముందుకుంది,
తల వెనక్కి.
మూసిన తల చైను పరుగెత్తే వైపుండాలి,
తెరిచిన నోరు వెనక్కి.
ఎనిమిదేళ్ళుగా
నా చేపలన్నీ ఎదురీదుతున్నాయి.

డబ్బు సగం తీసుకుంది.
మిగతా సగానికి షెడ్డు వెనక
ఒంటి గొర్రె, రెండేళ్ళ ఉన్ని, మహా పొగరు.
నా మోచేతి మీద దాని గిట్ట గుర్తు ఇంకా ఉంది.

ఇప్పుడు పెట్రోలు పోయించిన ప్రతిసారీ
చైను కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తుతాను.
మరీ బిగిస్తే తెగుతుంది, మరీ వదిలితే పళ్ళు దాటుతుంది.
చక్రం తిప్పుతూ ఎక్కడైనా బిగిసిందేమో చూస్తాను.
తర్వాత గోడ తడుముతాను, చీకట్లోనైనా.
ఎడమకి వాలిన పొలుసులు, కుడికి వాలిన పొలుసులు.
వాటి గురించి దిగుల్లేదు.
వాటి పక్కనున్న నున్నటి చోటు మీదే
వేలు ఆగుతుంది.